బీసీజీ వేసిన ఎలుకల ఊపిరితిత్తుల టీ కణాలు స్టిమ్యులేషన్‌లో చచ్చిపోతున్నాయి, ఏం చేయాలి?

కర్నూలులో చిన్న ల్యాబ్ మాది. ఎలుకలకు బీసీజీ (క్షయ టీకా) వేస్తున్నాం: ఒక గుంపుకు ముక్కులో, ఇంకో గుంపుకు చర్మం కింద. ఊపిరితిత్తుల్లోనే తిష్ఠ వేసే సీడీ4 మెమరీ టీ కణాలు (సూక్ష్మజీవిని గుర్తుంచుకునే రోగనిరోధక కణాలు) ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేత ప్రోటీన్ ఎంత ఇస్తున్నాయో చూడాలి. సూక్ష్మజీవుల్ని మింగే మాక్రోఫేజ్ కణాలను క్షయ బ్యాక్టీరియా మీదికి ఉసిగొల్పేది అదే కదా.

చంపడానికి 3 నిమిషాల ముందు తోక సిరలోకి 3 మైక్రోగ్రాముల యాంటీ-సీడీ45 (తెల్ల రక్తకణాలకు అంటుకునే, రంగు తగిలించిన యాంటీబాడీ) ఇస్తాం. రక్తంలోని కణాలకే దాని రంగు అంటుతుంది, అంటనివి కణజాలంలోనివి. తర్వాత ఊపిరితిత్తుల్ని సన్నగా తరిగి, కణాల్ని విడదీసే కొలాజినేజ్, డీఎన్ఏజ్ ఎంజైమ్‌లలో 37 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు.

అప్పటికప్పుడు స్టెయిన్ చేస్తే ముక్కు గుంపులో రంగు అంటని కణాలు దండిగా ఉంటాయి. స్టిమ్యులేషన్ కోసం ఏజీ85బీ (క్షయ బ్యాక్టీరియా ప్రోటీన్) పెప్టైడ్‌తో 6 గంటలు పెట్టామా, సగానికి సగం చచ్చినవే. అదే ప్లేటులో ప్లీహం కణాలు నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి ఇంక్యుబేటర్‌నో సీరంనో అనేందుకు లేదు.

అనుమానమల్లా ఎన్ఏడీ (కణాల లోపల ఉండే చిన్న అణువు) మీదే. కణజాలం నలిగితే అది బయటికొస్తుంది, టీ కణాల మీది ఏఆర్‌టీసీ2.2 ఎంజైమ్ దాన్ని వాడి పీ2ఎక్స్7 అనే రిసెప్టర్‌ను తెరిచేస్తుంది, ఆ రిసెప్టర్ ఎక్కువున్న స్థానిక కణాలే ముందు పోతాయి. ఐస్ మీద పెట్టమని మాత్రం చెప్పకండి. ఆ రియాక్షన్ 4 డిగ్రీల దగ్గరా నడుస్తుంది, చావు 37కి తెచ్చాక బయటపడుతుంది.

ఏఆర్‌టీసీ2.2ను అడ్డుకునే నానోబాడీని (చిన్న యాంటీబాడీ ముక్కను) ముందే సిరలోకి ఇస్తారని తెలుసు, ఖరీదెక్కువ. మామూలు 50 మైక్రోగ్రాములకు బదులు 25తో పని జరిపినవాళ్లున్నారా? లేదా పీ2ఎక్స్7 నిరోధకాన్ని డైజెషన్ మీడియంలో కలిపితే చాలా? స్థానిక కణాల గుర్తుగా వాడే సీడీ69 స్టిమ్యులేషన్‌లో ఎలాగూ పెరుగుతుంది, దాన్ని గుర్తుగా వాడమనొద్దు.