ప్రార్థనలో మౌనంగా ఉంటున్న అబ్బాయితో విశ్వాసం గురించి ఎలా మాట్లాడాలి?

ప్రశ్న (ఒక తండ్రి)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాకు ఇద్దరు పిల్లలు. అబ్బాయికి పదకొండేళ్లు, అమ్మాయికి ఆరేళ్లు. రాత్రి పడుకునే ముందు కుటుంబ ప్రార్థన చేసుకోవడం మా పెళ్లయిన నాటి నుంచి ఉన్న అలవాటు. అబ్బాయి కంఠత వాక్యాలు తడబడకుండా చెప్పేవాడు, 23వ కీర్తనను అయిదో ఏటనే మొత్తం అప్పజెప్పాడు. అందువల్ల వాడి విశ్వాసం గురించి నాకు ఏనాడూ బెంగ కలగలేదు.

మూడు నెలల క్రితం మా అమ్మ చనిపోయారు. ఆమె మంచం పట్టిన రోజు నుంచి వాడు ఎవరూ చెప్పకుండానే ప్రతి రాత్రీ "నాయనమ్మను బాగుచేయండి ప్రభువా" అని ప్రార్థించేవాడు. సమాధి కార్యక్రమం జరిగిన వారానికి, ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి, "మనం అడిగింది దేవుడు విన్నాడా, వినలేదా?" అన్నాడు. నేనూ దుఃఖంలోనే ఉన్నాను. "దేవుణ్ణి అలా అడగకూడదు, కళ్లు మూసుకో" అని కసిరాను. ఆ రోజు నుంచి వాడు మాతోపాటు కూర్చుంటాడు, తలవంచుకుంటాడు, తన వంతు వచ్చేసరికి "ఆమేన్" అని ఊరుకుంటాడు. బలవంతపెడితే వాడు దేవునికే దూరమవుతాడేమోనని, అలాగే వదిలేస్తే తండ్రిగా నా బాధ్యతను విడిచిపెట్టినవాణ్ణవుతానేమోనని మథనపడుతున్నాను. పెద్దలు దారి చూపగలరు.

జవాబు 1 (ఎదిగిన పిల్లలున్న ఒక తల్లి)

సోదరా, మీ అమ్మగారి విషయం చదివి బాధ కలిగింది. మీ బాబు అడిగిన మాట అవిశ్వాసపు మాట కాదని నా గట్టి నమ్మకం. వింటాడని నమ్మినవాడే విన్నాడా అని అడుగుతాడు. యోహాను సువార్త 11వ అధ్యాయం ఒకసారి వాడితో కలిసి చదవండి. లాజరు జబ్బుపడ్డాడని అతని అక్కాచెల్లెళ్లు మార్త, మరియ కబురు పంపినా యేసు తానున్న చోటనే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడు. ఆయన వచ్చేసరికి లాజరును సమాధిలో ఉంచి నాలుగు రోజులైంది. మార్త ఎదురువెళ్లి, నీవు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాడు అంది. కాసేపటికి మరియ కూడా అదే మాట అంది. మీ బాబు అడిగినదానికీ వాళ్లు అన్నదానికీ ఎంత తేడా ఉంది? ప్రభువు ఆ ఇద్దరిలో ఎవరినీ కసరలేదు. మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడాడు, మరియ ఏడుస్తుంటే తానూ కన్నీళ్లు విడిచాడు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆయన ఏడ్చాడన్నది పిల్లలకు తప్పక చూపించవలసిన సంగతి.

అయితే వాక్యం తెరిచే ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. వాడి దగ్గర కూర్చుని, "ఆ రోజు నిన్ను కసిరాను, అది నా తప్పు, నన్ను క్షమించు" అని చెప్పండి. మారుమనస్సు గురించి ఎన్నో ఆదివారాలు విన్న పిల్లవాడు తండ్రి దాన్ని చేసి చూపించడం చూడాలి. నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. మా పెద్దవాడికి నేను మొదటిసారి క్షమాపణ చెప్పేనాటికి వాడికి పదిహేడేళ్లు. అంతకాలం ఎందుకు ఆగానా అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

జవాబు చెప్పేటప్పుడు మీకు తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పకండి. నాయనమ్మ దేవునికి కావలసి వచ్చింది కాబట్టి తీసుకుపోయాడు అని మనం అలవాటుగా అనేస్తాం, కానీ ఆ మాట విన్న పిల్లలు దేవుడంటే భయపడిపోతారు.

జవాబు 2 (సండే స్కూలులో బోధిస్తున్న ఒకరు)

పై సోదరితో నేను ఏకీభవిస్తున్నాను. కంఠత వాక్యాల గురించి కొంత చేర్చాలనుకుంటున్నాను. 1529లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్, ఇంటి యజమానులు తమ ఇంటివారికి నేర్పడానికి చిన్న ప్రశ్నోత్తరిని రాసినప్పుడు, పది ఆజ్ఞల్లో ఒక్కొక్కదాని కిందా "దీని అర్థమేమిటి?" అనే ప్రశ్న పెట్టాడు. నిర్గమకాండం 12వ అధ్యాయంలో పస్కా పండుగను ఆజ్ఞాపించిన చోటనే, దీని భావమేమిటని మీ పిల్లలు అడిగినప్పుడు ఏమి చెప్పాలో కూడా ఉంది. అంటే పిల్లలు అడుగుతారని దేవుడు ముందే చోటు ఉంచాడు. మన తరగతుల్లోనేమో అప్పజెప్పినవాడికి బహుమతి ఇస్తాం, అర్థం అడిగినవాణ్ణి సమయం లేదని కూర్చోబెడతాం. ఈ తప్పులో నాకూ భాగం ఉంది.

ఇక బలవంతం సంగతి. కుటుంబ ప్రార్థనలో వాడు కూర్చోవడం ఇంటి క్రమం కాబట్టి అది కొనసాగనివ్వండి. పైకి ప్రార్థించమని మాత్రం అడగకండి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6:4లో పిల్లలకు కోపం రేపవద్దన్న హెచ్చరిక తండ్రులకే ఉంది. ద్వితీయోపదేశకాండం 6:7 ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంటుంది. మీరు ఇప్పటివరకు పడుకునే వేళనే పట్టుకున్నారు. వాడితో నడిచే వేళను కూడా వాడుకోండి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు నోరు విప్పని పిల్లలు పక్కన నడుస్తూ చాలా చెబుతారు.

జవాబు 3 (విశ్వాసుల ఇంట్లో పెరిగిన ఒక యువకుడు)

క్రమం పేరుతో కూర్చోబెట్టడం గురించి నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉంది. నేను అలా ఆరేళ్లు కూర్చున్నాను, నా మనస్సు అక్కడ లేదు. నన్ను నిలబెట్టింది వేరే. ఒకరోజు తెల్లవారుజామున నీళ్లు తాగడానికి లేస్తే, వంటగది గుమ్మం పక్కన నాన్న మోకాళ్ల మీద ఉన్నారు. నేను చూస్తున్నానని ఆయనకు తెలియదు. నా పేరు రెండుసార్లు వినబడింది. చాలా ఏళ్లు సంఘానికి దూరంగా ఉన్నా, ఆ గొంతును మరచిపోలేకపోయాను. తరువాత గొప్ప సంఘ బోధకుడైన అగస్టీనుకు 387లో బాప్తిస్మం తీసుకునేనాటికి ముప్పై ఏళ్లు దాటాయి, అన్నేళ్లూ తల్లి మోనికా అతని కోసం కన్నీళ్లతో ప్రార్థించింది. మీరు మూడు నెలలకే భయపడకండి.

ప్రశ్న అడిగిన తండ్రి

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం వాడిని నడకకు తీసుకువెళ్లి క్షమించమని అడిగాను. చాలాసేపు రాళ్లు తన్నుకుంటూ నడిచాడు. తరువాత, "నేను సరిగా ప్రార్థించలేదేమో, అందుకే నాయనమ్మ చనిపోయిందేమో అనుకున్నాను" అన్నాడు. మూడు నెలలుగా వాడు మోస్తున్నది ఇదని నేను ఊహించనే లేదు. అక్కడే ఆగి, వాడి వల్ల ఏమీ జరగలేదని చెప్పి దగ్గరకు తీసుకున్నాను. సిలువకు ముందు రాత్రి, తొలగించమని యేసు తండ్రిని అడిగిన శ్రమల గిన్నె కూడా తొలగలేదని చెప్పాను, ఇంతకంటే నాకు తెలియదని కూడా చెప్పాను. రాత్రి ప్రార్థనలో వాడు మళ్లీ "ఆమేన్" అన్నాడు, అంతే. ఈ రోజు యోహాను 11వ అధ్యాయం మొదలుపెడుతున్నాం. మా అమ్మాయి కూడా వింటానంటోంది, ఆరేళ్ల పిల్లకు సమాధి ఘట్టాన్ని ఎలా చెప్పాలో తెలిసినవారు రాయగలరు.