.44 మాగ్నం: ఐదోది పేలంగనే సిలిండర్ బిగుసుకపోతుంది, ఎందుకు?

కాజీపేట_పోరడు:
అన్నలూ, డాలస్‌ల ఉండే మా బావ .44 మాగ్నం రివాల్వర్‌కు సొంతంగ తూటాలు నింపుకుంటడు. 240 గ్రెయిన్ (గుండు తూకం) గుండ్లతోని ఏ లొల్లి లేకుండె. 300 గ్రెయిన్‌కు మారినంక ఐదోది పేలంగనే సిలిండర్ తిరుగుతలేదు, హామర్ వెనుకకు రాదు. లోపం తుపాకిలనా, తూటాలనా?

ఓరుగల్లు_టు_ఆస్టిన్:
ఎన్నో తూటా కాడ ఆగుతుందో చూస్తే సగం జవాబు దొరుకుతది తమ్మీ. ఎప్పుడూ చివరి ఒకటి రెండింటి కాడనే అయితే గుండు ముందుకు జరుగుతున్నట్టు. తుపాకి వెనుకకు తన్నినప్పుడు పేలని తూటాల కేసులు (గుండును పట్టుకునే ఇత్తడి గొట్టాలు) కూడ దానితోటే వెనుకకు పోతయి, గుండు మాత్రం తన బరువుకు ఉన్నకాడనే ఆగుతది. ఆర్టీసీ బస్సు ఒక్కసారి గుంజితే నిలబడ్డోడు వెనుకకు పడ్డట్టే. కేసు గట్టిగ పట్టుకోకుంటే తన్ను తన్నుకు గుండు ఇంతింత బయటికొచ్చి, సిలిండర్ ముందు అంచు దాటి, బ్యారెల్‌కో ఫ్రేముకో అడ్డం పడ్తది. గుండు బరువు పెరిగినా, తుపాకి తేలికైనా ఇది ఎక్కువైతది. 25 ఔన్సుల స్కాండియం కలిపిన తేలిక ఫ్రేముల కాడ మరీ ఎక్కువ.

తేల్చుకునుడు అల్కగనే. ఒక తూటా పొడవు క్యాలిపర్‌తోని కొలిచి, మార్కర్‌తోని గుర్తు పెట్టాలె. దాన్ని ఆరోదిగ పెట్టి, ఐదు కొట్టి, ఆ ఆరోదాన్ని కొట్టకుండ తీసి మళ్ల కొలవాలె. పొడవు పెరిగి, గుండు మీది క్రింపు గాడి (కేసు మూతిని నొక్కి బిగించే గీత) బయటికి కనపడితే దొంగ దొరికినట్టే.

కోల్‌బెల్ట్_కాక:
గాడి కనపడంగనే క్రింపు ఇంకింత బిగియ్యమంటరు చూడు, అది సగం మాటనే. గుండును పట్టుకునేది ముందుగాల కేసు గోడలు, క్రింపు తర్వాత. .44 గుండు 0.429 నుంచి 0.430 అంగుళాలు ఉంటది. ఎక్స్‌పాండర్ (కేసు మూతిని వెడల్పు చేసే కడ్డీ) దానికంటె 0.002 నుంచి 0.003 తక్కువ ఉండాలె. లావున్నదనుకో, కేసు మూతి వదులైతది, ఎంత క్రింపు కొట్టినా పట్టు రాదు. అతిగ బిగిస్తే కేసు క్రింపు కింద ఉబ్బి తూటా సిలిండర్ గదిలకు దిగదు, మెత్తటి సీసమైతే గుండే నలుగుతది.

కేసుల పొడవు కూడ చూడాలె. హద్దు 1.285 అంగుళాలు, కోసేది 1.275కు. పొట్టిదానికి క్రింపు అందదు, పొడుగుదానికి మించిపోతది. గుండు కూర్చోబెట్టుడు, క్రింపు కొట్టుడు రెండు వేర్వేరు దఫాలల్ల చెయ్యమను. అయినంక తూటా ముక్కును బల్ల అంచుకు పెట్టి బొటనవేలితోని గట్టిగ ఒత్తాలె. గుండు లోపలికి జరిగితే ఆ తూటా పక్కన పెట్టుడే.

భద్రకాళి_బండ్:
మందు ఒక పావు వంతు తగ్గిస్తే తన్ను తగ్గి, జరుగుడు కూడ ఆగదా?

కోల్‌బెల్ట్_కాక:
ఏ మందు? హెచ్110 (ఒక రకం తుపాకి మందు) అయితే ఆ మాటే అనొద్దు. తగ్గిస్తే సరిగ అంటుకోక గుండు బ్యారెల్ నడుమ ఇరుక్కోవచ్చు. 'తుస్సు'మని చిన్న చప్పుడొస్తే రెండోది కొట్టొద్దు, బ్యారెల్ ఖాళీగున్నదా చూడాలె. తూటాలు నింపే పుస్తకంల కనిష్ఠం ఎంతుందో అంతకు కిందికి దిగొద్దు. తన్ను తగ్గాల్నంటే మందు మార్చాలె, లేకుంటే 240కి పోవాలె.

ఓరుగల్లు_టు_ఆస్టిన్:
జామ్ ఎప్పుడూ గుండుతోనే కాదు. ప్రైమర్ (కేసు అడుగున మందును అంటించే చిన్న గిన్నె) కేసు అడుగుకు కొంచెం లోపలికి ఉండాలె. పైకుంటే వెనుక ఫ్రేముకు రాసుకుంటది, అడుగున గీత పడ్తది. ఆ తూటా ఏ గదిల పెట్టినా ఆ గదే తిరగదు. నింపినంక ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి చూస్తే తెలుస్తది.

ఖాళీలు తీసి మళ్ల నింపంగనే బిగుస్తుందంటే ఎజెక్టర్ స్టార్ (ఖాళీ కేసులను బయటికి తోసే చుక్క లాంటి ముక్క) కింద కాలని మందు పలుకు ఉన్నట్టు. ఒక్క పలుకు చాలు. ఖాళీలు తీసేటప్పుడు మూతి ఆకాశానికి పెట్టి రాడ్‌ను ఒక్కసారే గట్టిగ కొట్టాలె, స్టార్ కింద పాత టూత్‌బ్రష్ తిప్పాలె. సిలిండర్ పక్కకు తెరుచుకుంటనే లేదంటే ఎజెక్టర్ రాడ్ మర వదులైంది. ఇప్పటి స్మిత్ అండ్ వెస్సన్ వాటికి ఆ మర ఉల్టా ఉంటది, బిగించే ముందు గదులల్ల ఖాళీ కేసులు పెట్టాలె, లేకుంటే స్టార్ మీద భారం పడ్తది.

పరకాల_పద్మన్న:
మరి ఇక్కడ లైసెన్సు .32 ఉన్నోళ్లం నింపుకోవచ్చునా?

కోల్‌బెల్ట్_కాక:
వద్దు అన్నా. ఆయుధాల చట్టం 1959లో రివాల్వర్ ఉంచుకునే లైసెన్సు వేరు, తూటాలు తయారుచేసే లైసెన్సు వేరు, అది సెక్షన్ 5. కాన్పూర్‌ల తయారయ్యే .32 రివాల్వర్‌కు తన్నే తక్కువ, గుండు జరిగే బాధ రాదు. స్టార్ శుభ్రం, రాడ్ మర మాత్రం మీకూ పనికొస్తయి.

కాజీపేట_పోరడు:
బావ కొలిచిండు. ఆరోదాని గాడి పూరాగ బయటపడ్డది. ఎక్స్‌పాండర్ 0.429, గుండు 0.430. మళ్ల జామ్ అయితే ఎట్ల విడిపియ్యాలె?

ఓరుగల్లు_టు_ఆస్టిన్:
మూతి టార్గెట్ దిక్కే ఉంచి 30 సెకన్లు ఆగాలె. హామర్ దిగి ఉన్నదా చూడాలె. సిలిండర్ ముందటికి వేలు పోవద్దు, సన్న కట్టెపుల్లతోని బయటికొచ్చిన గుండును నెమ్మదిగ లోపలికి ఒత్తాలె. సుత్తి ముట్టొద్దు. ఆ తూటాను మళ్ల కొట్టొద్దు, గుండు లోపలికి దిగితే పీడనం పెరుగుతది. పుల్లర్‌తోని (గుండును పీకే సాధనం) విప్పెయ్యాలె.

కోల్‌బెల్ట్_కాక:
0.429 ఎక్స్‌పాండర్ అంటే పట్టు లేనట్టే. డై (కేసును సరిచేసే అచ్చు) కంపెనీకి రాస్తే చిన్నది పంపుతరు. లేకుంటే డ్రిల్లుకు పెట్టి సన్న ఎమెరీ కాగితంతోని 0.427 దాకా రుద్దాలె, నడుమ నడుమ మైక్రోమీటర్‌తోని కొలుచుకుంట. ఒక్కసారి ఎక్కువ అరిగితే కొత్తదే కొనాలె.