‘జీతం బత్తెం’లో బత్తెం ఎక్కడిది?

సభ్యులకు నమస్కారం. “జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలను కాస్తానన్నదట” అన్న సామెతలో బత్తెం అంటే ఏమిటని మొన్న ఒకరు అడిగారు. అది జీతానికి తోడుగా పుట్టిన జంటపదమని, దానికి విడిగా అర్థం వెతకనక్కరలేదని ఇంకొకరు జవాబిచ్చారు. ఆ జవాబుతో నేను ఏకీభవించలేను. బత్తెం నిండు అర్థమున్న మాట. పాలేరును కుదుర్చుకునేటప్పుడు ఏడాదికి ఇచ్చేది జీతం, రోజూ తిండికి కొలిచి ఇచ్చేది బత్తెం. తోడేలు ఆ రెండూ వద్దన్నదంటే, అది మేకలనే తినబోతోందని సామెత చెప్పకనే చెబుతోంది. బత్తెం అంటే తిండి అని తెలిస్తేనే సామెతలోని పదును తెలుస్తుంది.

ఈ మాటకు మూలం సంస్కృత ‘భక్తం’ అని నా అభిప్రాయం. భజ్ ధాతువుకు పంచడం, భాగం పెట్టడం అన్న అర్థం ఉంది. పంచి పెట్టినది భక్తం, అంటే ఒకరి వంతుకు వచ్చిన అన్నం. భక్తి బత్తి అయినట్టు, భక్తుడు బత్తుడైనట్టు, భక్తం బత్తమై, బత్తెమైంది. హిందీలో భాత్, కన్నడంలో వడ్లకు చెప్పే భత్త, ఇక్కడ బెంగళూరులో పొద్దున్నే ఏ దర్శినికి (చిన్న టిఫిన్ హోటలుకు) వెళ్లినా వినపడే బాత్, అన్నీ ఈ కుదురులోవే. (ఖారాబాత్‌లో ఒక్క అన్నం మెతుకు కూడా ఉండదు; అంతా రవ్వే. అయినా పేరు మాత్రం అన్నానిదే.) భత్యం అన్న రూపాన్ని చూసి చాలామంది అది నేరుగా సంస్కృతం నుంచి వచ్చిందనుకుంటారు. సంస్కృతంలో ఉన్నవి భృతి, భృత్యుడు. వాడుకలోని బత్తెం అన్న మాటకు పండితుల చేతిలో సంస్కృతపు పోలిక వచ్చి భత్యమైందని నాకు తోస్తోంది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో ‘భక్తవేతనం’ అన్న సమాసం ఉంది. మన జీతం బత్తెం లాగానే అక్కడా తిండి, కూలి పక్కపక్కనే ఉన్నాయి. అందులోనే కోష్ఠాగారాన్ని, అంటే రాజు ధాన్యపు కొట్టును, గురించి చెప్పే చోట ఒక్కొక్కరికి ఎంత బియ్యం, అందులో ఎన్నోవంతు పప్పు ఇవ్వాలో, స్త్రీలకు ముప్పాతిక వంతు, పిల్లలకు సగం ఎలా కొలవాలో వివరంగా రాసి ఉంది. రాజు కొట్టు నుంచి తలకింత అని కొలిచి ఇచ్చే ఆ పద్ధతికి ఇప్పుడు మనం వాడే పేరు రేషన్. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి లెక్క అని అర్థం. యూరప్ భాషల్లో అది సిపాయికి రోజువారీగా కొలిచిచ్చే తిండికి పేరై, తరువాత మన ఊళ్లకు వచ్చింది.

బత్తెం కూడా సైన్యంలో చాలాకాలం తిరిగింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో కోట దాటి దండయాత్రకు వెళ్లిన వారికి అదనంగా ఇచ్చే సొమ్మును ‘బట్టా’ అనేవారు. ఇది కన్నడ భత్తం నుంచి పోర్చుగీసు వారి నోటిమీదుగా ఇంగ్లీషులోకి చేరిందని పదచరిత్రకారులు చెబుతారు. బెంగాల్‌లో అది రెట్టింపు బట్టా అయింది. 1766లో బెంగాల్ గవర్నరు క్లైవ్ ఆ రెట్టింపును తీసివేస్తే తెల్ల అధికారులు మూకుమ్మడిగా రాజీనామాలకు దిగారు. ఈ రోజుకీ బెంగళూరు నుంచి తిరుపతికి కారు మాట్లాడుకుంటే, బిల్లులో కిలోమీటర్ల కింద ‘డ్రైవర్ బత్తా’ అని వేరే పద్దు ఉంటుంది. ఊరు దాటిన మనిషి తిండి ఖర్చు అన్న పాత అర్థం అందులో చెక్కుచెదరలేదు.

ఇక నన్ను ఎక్కువగా కదిలించే మాట కరువు భత్యం (డీఏ). నెలనెలా జీతం చీటీలో చూసి దాటిపోతాం గాని, ఆ పేరులో కరువు ఎందుకుందో ఆలోచించం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ భత్యం మొదలైనప్పుడు దాని ఇంగ్లీషు పేరు డియర్ ఫుడ్ అలవెన్స్. అంటే తిండి గింజలు ప్రియమైనందుకు ఇచ్చే సొమ్ము. 1942 మార్చిలో జపాను సైన్యం బర్మాలోని రంగూన్‌ను, మన ఉత్తరాంధ్ర వారి ‘రంగా’న్ని, పట్టుకోగానే అక్కడి నుంచి ఏటా పది లక్షల టన్నులకు పైగా వచ్చే బియ్యం ఆగిపోయింది. మరుసటి నెల 6వ తేదీన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ ఏడాదే ఆర్థికవేత్త గ్రెగరీ అధ్యక్షతన ఏర్పడిన ప్రభుత్వ ఆహారధాన్యాల సంఘం, లక్షకు మించి జనాభా ఉన్న నగరాల్లో రేషన్ పెట్టి, పెద్దవారికి రోజుకు ఒక పౌను తిండిగింజలు ఇవ్వాలని సిఫారసు చేసింది. కంట్రోలు బియ్యం, కంట్రోలు బట్ట అన్న మాటలు ఇళ్లలో స్థిరపడ్డది ఆ రోజుల్లోనే. మా అమ్మమ్మ చివరిదాకా రేషన్ అనలేదు. చేటలో రాళ్లు ఏరుతూ “ఇవి కంట్రోలు బియ్యం, రెండుసార్లు చూడాలి” అనేది.

పౌర సరఫరాలు అన్న మాటను కూడా ఒక్కసారి గమనించండి. సరఫరాలకు ‘పౌర’ అన్న విశేషణం ఎందుకు? సైన్యానికి వెళ్లే సరుకుతో పోల్చి, మిగిలిన జనానికి దక్కేది వేరని చెప్పవలసి వచ్చిన కాలంలో పుట్టింది కాబట్టి. యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటినా ఆ విశేషణం శాఖ పేరులో ఉండిపోయింది.

తిండి అలవాటు మారిన సంగతికి మా ఊళ్లోనే సాక్ష్యం ఉంది. యుద్ధకాలంలో బియ్యం దొరకనప్పుడు గోధుమరవ్వతో ఇడ్లీ చేసి చూశామని, అదే రవ్వ ఇడ్లీ అని బెంగళూరులోని ఎంటీఆర్ హోటల్ వారు చెబుతారు. కొరత తీరాక కూడా జనం దాన్ని వదల్లేదు.

చెన్నై నుంచి ఒక సభ్యురాలు, తమిళంలో కరువు భత్యాన్ని ‘అగవిలైప్పడి’ అంటారని రాశారు. చాలా విలువైన చేర్పు. అగవిలై అంటే ధాన్యం ధర. పడి అంటే భత్యమే గాక, ధాన్యం కొలిచే పాత్ర కూడా. కన్నడంలో ‘తుట్టి భత్యె’, తుట్టి అంటే ప్రియం. ఒకే సొమ్ముకు కన్నడం ప్రియాన్ని, తమిళం ధాన్యం ధరను పేరుగా పెట్టుకుంటే, తెలుగు నేరుగా కరువునే పెట్టుకుంది. నా మట్టుకు తెలుగు పేరే నిజానికి అతి దగ్గరగా ఉంది.

ప్రయాణంలో తినడానికి మూట కట్టుకునే తిండిని దారిబత్తెం అనేవారు. మీ ప్రాంతంలో ఇంకా ఎవరి నోటనైనా ఆ మాట వినపడితే, ఏ ఊరో, ఏ సందర్భంలో అన్నారో దయచేసి ఇక్కడ రాయండి.