తేనెతో చేసిన లేబ్‌కూఖెన్ రాయిలా గట్టిపడింది, ఆదివారానికి మెత్తబడుతుందా?

ఎర్లాంగెన్ కోడలు (గురువారం రాత్రి):

అందరికీ నమస్కారం. మేము జర్మనీలో న్యూరెంబర్గ్ పక్కనున్న ఎర్లాంగెన్‌లో ఉంటున్నాము. డిసెంబరు మొదటి వారంలో మా పక్కింటి పెద్దావిడ తాను చేసిన లేబ్‌కూఖెన్‌ను ఒక రేకు డబ్బా నిండా ఇచ్చారు. అవి క్రిస్మస్‌కు ఇక్కడివారు తేనె, మసాలా దినుసులతో చేసే బిస్కట్లు. ఇచ్చిన డబ్బాను ఖాళీగా తిరిగి పంపడం మన ఇళ్లలో లేదు కనుక, క్రిస్మస్ సెలవుల్లో నేనూ వాటినే చేసి ఇద్దామనుకున్నాను. ఆవిడ ఆదివారం సాయంత్రం మా ఇంటికి కాఫీకి వస్తున్నారు.

తేనె 250 గ్రాములు, ముదురు రంగు చక్కెర 100 గ్రాములు, వెన్న 50 గ్రాములు గిన్నెలో వేసి, నురుగు వచ్చి చిక్కబడేదాకా పది నిమిషాలు మరిగించాను. అందులో 500 గ్రాముల మైదా, ఒక చెంచా వంట సోడా, ఇంట్లో ఉన్న లవంగాలు, ఏలకులు, దాల్చిన చెక్కల పొడి కలిపాను. మా అత్తగారు గుడ్డు ముట్టరు కాబట్టి గుడ్డు వేయలేదు. గంటసేపు నానిన తరువాత పలుచగా ఒత్తి, నక్షత్రాలుగా కోసి, 180 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు కాల్చాను. చల్లారాక అవి పంటికి లొంగడం లేదు. పైగా ఇల్లంతా బిర్యానీ వాసన వస్తున్నదని మావారు నవ్వుతున్నారు. రేపు, ఎల్లుండి పండుగ సెలవులు, ఆపైన ఆదివారం. సోమవారం దాకా దుకాణాలు తెరవరు. ఉన్న సరుకులతోనే దీనిని చక్కదిద్దే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

పదేళ్ల ప్రవాసి:

మీరు కంగారు పడవలసినది ఏమీ లేదండి. తేనె పిండితో చేసిన లేబ్‌కూఖెన్ కాల్చిన రోజున గట్టిగానే ఉంటుంది. మీ పక్కింటివారు ఇచ్చినవి కూడా పొయ్యిలోంచి తీసిన పూట అలాగే ఉండి ఉంటాయి. తేనెకు గాలిలోని తేమను పట్టుకొనే గుణం ఉన్నందున, అవి డబ్బాలో ఉండగా ఉండగా మెత్తబడతాయి. ఇక్కడి వారు క్రిస్మస్‌కు ముందరి వారాలైన ఆగమన కాలం ఆరంభంలోనే, కొందరైతే నవంబరులోనే, వీటిని చేసి పెట్టుకోవడానికి ఇదే కారణం.

అయితే మీ చేతిలో జరిగిన అసలు పొరపాటు పాకం దగ్గరే ఉన్నది. అరిసెల పాకం ముదిరితే అరిసెలు ఎలా బిరుసెక్కుతాయో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడ జరిగినది సరిగ్గా అదే. తేనెలో ఉండే నీరు ఐదో వంతుకు మించదు, మీరు పోసిన నీరు వేరే లేదు, ఉన్న ఆ కొద్దిపాటి నీటిని కూడా పది నిమిషాల మరుగుతో ఆవిరి చేసి, తేనెకు రెట్టింపు బరువున్న పిండిని కలిపారు. తేనెను చక్కెర, వెన్న కరిగేవరకు మాత్రమే సన్నని సెగ మీద వేడి చేయాలి. బుడగ రాకముందే దించి, వేలు పెట్టగలిగినంత గోరువెచ్చగా అయిన తరువాతనే పిండి కలపాలి. పాకం పట్టడం వచ్చిన చేతులకే ఈ పొరపాటు జరుగుతుంది, నాకూ మొదటి ఏడాది జరిగింది.

రెండవది నానబెట్టడం. తేనె తనలోని నీటిని సులభంగా వదలదు కాబట్టి పిండి దానిని మెల్లగా పీల్చుకుంటుంది. కలిపిన వెంటనే చేతికి అంటుకొనే ముద్ద మరునాటికి చక్కగా ఒత్తడానికి వస్తుంది. పాతకాలపు లేబ్‌కూఖెన్ తయారీదారులు తేనె, పిండి మాత్రమే కలిపిన ముద్దను వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి చల్లని గదిలో ఉంచి, కాల్చే రోజున మాత్రమే పొట్టాషె అనే క్షారాన్ని కొద్ది నీటిలో కరిగించి కలిపేవారు. మీరు కూడా సోడాను కాల్చే రోజునే కలపండి. ముందే వేస్తే దాని బలం రాత్రికి రాత్రే కొంత పోతుంది. కొన్ని వంటపుస్తకాలలో కనిపించే 'జింక కొమ్ము ఉప్పు' మీ ఇంట్లో ఉన్నా దీనిలో వేయకండి. అది కాలేటప్పుడు అమ్మోనియా వాయువు వెలువడుతుంది, పలుచని పొడి బిస్కట్లలోనుంచి అది పూర్తిగా బయటికి పోతుంది కాని మందమైన వాటిలో ఘాటు మిగిలిపోతుంది.

మూడవది మందం. ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల మందం ఉంచి, 175 డిగ్రీల వద్ద పది పన్నెండు నిమిషాలకే తీయాలి. వేలితో నొక్కితే నడుమ ఇంకా మెత్తగా ఉండాలి. తేనె త్వరగా రంగు తిరుగుతుంది కాబట్టి రంగును కాక గడియారాన్ని నమ్మండి.

చేసినవాటిని పారవేయకండి. గాలి చొరని డబ్బాలో పేర్చి, పైన కాగితం పరచి, దాని మీద ఒక ఆపిల్ ముక్క పెట్టి మూయండి. ముక్కను రోజూ మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది. ఆదివారానికి కొంత లొంగుతాయి. పూర్తిగా మెత్తబడాలంటే వారం పైనే పడుతుంది. కాబట్టి ఈ రాత్రే కొత్త ముద్ద కలిపి, శనివారం ఉదయం కాల్చడం క్షేమం.

దుకాణాలలో దొరికే ఎలీజెన్ రకాన్ని చూసి వీటిని పోల్చుకోకండి. ఆ రకంలో బాదం, హేజల్, అక్రోటు వంటి గింజలు కనీసం 25 శాతం ఉండాలి, పిండి 10 శాతానికి మించకూడదు. గుడ్డు లేనిదే అవి నిలబడవు. మీ ఇంటికి తేనె రకమే సరైనది, గుడ్డు లేకుండా చేయడం దానికి కొత్తేమీ కాదు.

శొంఠి పొడి:

పై సమాధానంతో నేను ఏకీభవిస్తున్నాను కాని, బిర్యానీ వాసన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. లవంగం, ఏలకి, చెక్క అనే మూడింటినే వేస్తే మన ముక్కుకు మాంసం కూర తప్ప మరొకటి తోచదు. ఇక్కడి మిశ్రమంలో ధనియాలు, అనాసపువ్వు, జాజికాయ, జాపత్రి, శొంఠి కూడా ఉంటాయి. ఆ వాసనను తీపి వైపు తిప్పేవి అవే. మీ 500 గ్రాముల పిండికి దాల్చిన చెక్క ఐదు గ్రాములు, ధనియాలు రెండు గ్రాములు, శొంఠి రెండు గ్రాములు, లవంగాలు, ఏలకులు, అనాసపువ్వు ఒక్కొక్కటి గ్రాము, జాజికాయ, జాపత్రి చిటికెడు చొప్పున వేయండి. ధనియాలను మాత్రం వేయించకండి, వేయిస్తే చారుపొడి అవుతుంది. ఒక నారింజ తొక్కను తెల్లభాగం రాకుండా తురిమి వేసి, ఒక చెంచా కోకో పొడి కలిపితే మీవారు ఇక నవ్వరు.

చెక్క విషయంలో మరొక మాట. మామూలుగా చవకగా దొరికే మందపాటి చెక్క కాసియా రకం, దానిలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఎక్కువగా తీసుకుంటే అది కొందరి కాలేయానికి హాని చేయవచ్చునని 2006లో జర్మనీలో దాల్చిన చెక్క బిస్కట్ల గురించి పెద్ద చర్చే జరిగింది. పండుగకు రెండు మూడు తినేవారికి భయం లేదు. నెలంతా చిన్నపిల్లలకు ఇచ్చేటట్లయితే పొరలు పొరలుగా పలుచగా చుట్టుకొని ఉండే సిలోన్ చెక్కను కొనడం మేలు.

తెనాలి వంటిల్లు:

మా ఇంట్లో క్రిస్మస్‌కు గులాబి పువ్వులు, అరిసెలే ప్రధానం, ఓవెన్ లేదు. అయినా పోయిన ఏడాది వీటిని బెల్లంతో చేశాను. తురిమిన బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, ఇసుక లేకుండా వడగట్టి, పాకం పట్టకుండా అలాగే తేనె స్థానంలో వాడాను. కుక్కరు అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్టు, విజిలు తీసివేసి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, పళ్లెంలో పేర్చిన బిస్కట్లను సన్నని సెగ మీద పాతిక నిమిషాలు ఉంచాను. రుచి బాగుంది, కాని బెల్లానికి తేనె అంత తేమ పట్టే గుణం లేదనుకుంటాను, నాలుగో రోజుకు అవి పొడిబారాయి. తేనె సగం, బెల్లం సగం వేసినవారు ఎవరైనా ఉన్నారా?

ఎర్లాంగెన్ కోడలు (ఆదివారం రాత్రి):

అందరికీ ధన్యవాదాలు. గురువారం రాత్రే తేనెను కరిగించి మాత్రమే ముద్ద కలిపాను. శనివారం తీసి చూస్తే అది చేతికి అంటకుండా, చలిమిడిలాగా సాగింది. ధనియాలు, అనాసపువ్వు వేసిన తరువాత బిర్యానీ ప్రస్తావన మళ్లీ రాలేదు. పన్నెండు నిమిషాలకే తీసినవి ఈ సాయంత్రానికి అంచుల్లో కొద్దిగా గట్టిగా, నడుమ మెత్తగా ఉన్నాయి. మా అత్తగారు రెండు తిని, మూడోది చేతిలో పట్టుకొని పోళీలా ఉన్నదన్నారు.

పక్కింటి పెద్దావిడకు ఆపిల్ ముక్క పెట్టిన పాత డబ్బాను కూడా చూపించాను. ఆవిడ ఒక నక్షత్రాన్ని తీసుకొని బల్ల అంచుకు తట్టి, ఆ చప్పుడు విని, జనవరి ఆరు దాకా మూత తీయవద్దని చెప్పారు. రోజూ ఆపిల్ మార్చాలి కదా, మూత తీయకుండా ఎలాగని అడగడం మరచిపోయాను.

తెనాలి వంటిల్లు గారూ, నా దగ్గర మా అమ్మ పంపిన అనకాపల్లి బెల్లం అరకిలో ఉంది. సగం సగం వేసి వచ్చే వారాంతంలో చేసి, నాలుగో రోజున ఎలా ఉన్నదో ఇక్కడే రాస్తాను.