అరకు ప్యాకేజీల పేజీ ఫోన్లలో చెదిరిపోతోంది, మూడు గంటలుగా అర్థం కావట్లేదు

మద్దిలపాలెం (రాత్రి 9:50):
మా బావ ట్రావెల్స్ వెబ్‌సైట్ నేనే చూసుకుంటాను. అరకు సీజన్ కదా అని ఈ సాయంత్రం ప్యాకేజీల పేజీ మొత్తం మార్చాను. బొర్రా గుహలు, కాఫీ తోటలు, లంబసింగి, అన్నిటికీ కొత్త ఫొటోలు, కొత్త రేట్లు పెట్టాను. ఇప్పుడు చూస్తే రేట్ల మీదకి ఫొటోలు వచ్చి పడుతున్నాయి, బుకింగ్ బటన్ ఎక్కడో అడుగున ఉంటోంది. కస్టమర్లు బావకి ఫోన్లు, బావ నాకు ఫోన్లు. కోడ్ లైను లైను చదివాను, తప్పు కనపడలేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్, చాలా టెన్షన్‌గా ఉంది.

గాజువాక:
కంట్రోల్, షిఫ్ట్, ఆర్ మూడూ కలిపి నొక్కండి, పేజీ మొత్తం కొత్తగా దిగుతుంది.

మద్దిలపాలెం:
నా ల్యాప్‌టాప్‌లో మొదటినుంచీ బాగానే ఉంది అన్నయ్యా. కస్టమర్ల ఫోన్లలోనే ఇలా వస్తోంది.

గాజువాక:
అది ముందే చెప్పాలి. ఫోన్లో క్యాష్, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత ఫైళ్లు, క్లియర్ చేయించండి.

అక్కయ్యపాలెం:
క్లియర్ చేయమని చెప్పేటప్పుడు ఏది చేయాలో కూడా చెప్పండి, దయచేసి. పోయిన నెల మా నాన్నగారికి ఎవరో ఇలాగే చెబితే కుకీలు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు, అన్నిటికీ టిక్ పెట్టి తుడిచేశారు. ఒక్క పాస్‌వర్డూ గుర్తులేక రెండు రోజులు ఇబ్బంది పడ్డారు. క్రోమ్‌లో బ్రౌజింగ్ డేటా తొలగించే చోట ‘క్యాష్డ్ ఇమేజెస్ అండ్ ఫైల్స్’ ఒక్కదానికే టిక్ ఉంచాలి. కుకీలు పోతే లాగిన్ అయిన సైట్లన్నిటి నుంచీ బయటికి వచ్చేస్తాం. పెద్దవాళ్లకి చెప్పేటప్పుడు పక్కన కూర్చుని చేయించడం మంచిది.

సీతమ్మధార:
క్యాష్ అంటే మనకి డబ్బు. మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ‘క్యాష్ క్లియర్ చేశావా’ అంటే అకౌంట్స్ పని అనుకుంది. కనీసం తెలుగులో రాసేటప్పుడైనా ‘తాత్కాలిక నిల్వ’ అని రాయచ్చు కదండీ.

అక్కయ్యపాలెం:
ఇంగ్లిష్‌లోనే రెండూ ఒకేలా పలుకుతారండి. మీరు తాత్కాలిక నిల్వ అంటే మా నాన్నగారు సెట్టింగుల్లో దాన్ని ఎక్కడ వెతకాలి?

సీతమ్మధార:
ఫోన్ తెలుగులో పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మా అమ్మ ఫోన్ అలాగే ఉంటుంది. ఆవిడ కోసమే అడుగుతున్నాను.

ఎంవీపీ కాలనీ:
పేరు సంగతి తర్వాత చూద్దాం, రేపు పొద్దున్న వాళ్ల బండి కదలాలి. తమ్ముడూ, వచ్చే ప్రతి కస్టమర్ చేతా సెట్టింగులు మార్పించలేవు. రెండు విషయాలు చెప్పు. నీ ల్యాప్‌టాప్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి ఉన్నాయా, అందులో ‘డిసేబుల్ క్యాష్’ టిక్ ఉందా? మీ బావ ఫోన్లో ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే ఎలా వస్తోంది?

మద్దిలపాలెం:
టిక్ ఎప్పుడూ ఉంటుందండీ. అది చెప్పాల్సిన విషయం అనుకోలేదు. బావ చేత ఇన్‌కాగ్నిటోలో తెరిపించాను, శుభ్రంగా వచ్చింది!

ఎంవీపీ కాలనీ:
ఇన్‌కాగ్నిటోలో ముందు దాచుకున్న ఫైళ్లు వాడదు. అక్కడ బాగా వచ్చిందంటే నీ కోడ్‌లో తప్పు లేదు. పేజీ కొత్తది దిగుతోంది, ఏది ఎక్కడ, ఎంత సైజులో ఉండాలో చెప్పే స్టైల్ ఫైలు (సీఎస్ఎస్) మాత్రం ఫోన్ తన దగ్గర దాచుకున్న పాతదే వాడుతోంది. పాత కొలతల్లో కొత్త ఫొటోలు పట్టక రేట్ల మీద పడుతున్నాయి. ఇంతకుముందు మీ సైటు చూసినవాళ్లకే ఇలా వస్తుంది, మొదటిసారి చూసేవాళ్లకి బాగానే ఉంటుంది. ఆ టిక్ ఉండబట్టి నీకు ప్రతిసారీ కొత్త ఫైలే వచ్చింది. సర్వర్ సెట్టింగుల్లో ‘మ్యాక్స్ ఏజ్’, అంటే ఫైలు ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే అంకె, ఎంత ఉందో చూడు.

మద్దిలపాలెం:
నిజమే, ఫోన్ చేసినవాళ్లందరూ పాత కస్టమర్లే. సీఎస్ఎస్ ఫైళ్లకి 604800 అని ఉంది. ఇంతకుముందు చేసినవాళ్లు పెట్టినట్టున్నారు.

ఎంవీపీ కాలనీ:
అవి సెకన్లు, అంటే ఏడు రోజులు. అన్నాళ్లూ ఫోన్ నీ సర్వర్‌ని అడగకుండానే పాత ఫైలు వాడుకోవచ్చు. ఆ అంకె ఇప్పుడు తగ్గించినా, ఇప్పటికే దాచుకున్న ఫోన్లకి ఆ సంగతి తెలియదు. అందుకని పేజీలో స్టైల్ ఫైలు పేరున్న చోట, పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి ‘వి ఈక్వల్ టు 2’ (?v=2) చేర్చు. బ్రౌజర్‌కి అది వేరే చిరునామా, కాబట్టి కొత్తగా తెచ్చుకుంటుంది. మళ్లీ మార్చినప్పుడు 3 పెట్టు. ఏడు రోజులన్నది తీసేయకు, ఘాట్ రోడ్డులో సిగ్నల్ సరిగా లేనిచోట పేజీ తొందరగా తెరుచుకోవడానికి అదే ఆధారం.

గాజువాక:
ఫైలు పేరే మార్చండి. మధ్యలో సీడీఎన్ (సైటు ఫైళ్ల కాపీలు దాచి అందించే వేరే సర్వర్లు) ఉంటే, ప్రశ్నార్థకం తర్వాతది పట్టించుకోకుండా సెట్ చేసి ఉండొచ్చు.

ఎంవీపీ కాలనీ:
అదీ నిజమే. ఏదైనా పర్వాలేదు, చిరునామా మారడం ముఖ్యం.

మద్దిలపాలెం (రాత్రి 11:35):
పేరే మార్చాను. బావ ఫోన్లో, అక్క ఫోన్లో సరిగ్గా వచ్చింది. థాంక్స్ అండీ అందరికీ. పొద్దున్నే బండి ఉంది, ఉంటాను.

భీమిలి:
మా హోటల్ మెనూ ఫొటో మార్చినా పాతదే వస్తోందండీ. అదే పేరుతో అప్‌లోడ్ చేశాను. ఇదే కారణమా?

గాజువాక:
అదే. వేరే పేరు పెట్టండి.