ఎక్సోస్కెలిటన్‌ను ‘కవచం’ అనవచ్చా?

గద్వాల సభ్యుడి ప్రశ్న: సైనికులు ఒంటికి తొడుక్కునే, బ్యాటరీతో నడిచే ఎక్సోస్కెలిటన్ గురించి పిల్లల పత్రికకు వ్యాసం రాస్తున్నాను. ‘యాంత్రిక కవచం’ అనాలా, ‘బాహ్యాస్థిపంజరం’ అనాలా?

మిర్యాలగూడ నుంచి జవాబు: రెండూ వద్దండీ. బాహ్యాస్థిపంజరం జీవశాస్త్రంలో బొద్దింకకూ పీతకూ స్థిరపడిన మాట. వాటికి లోపల ఎముకలు ఉండవు, సైనికుడికి ఉన్నాయి. పైగా అస్థిపంజరం అనగానే పిల్లలకు కళ్లముందు మెదిలేది వేరే బొమ్మ.

ఇక కవచం. దాని పని దెబ్బ కాయడం. కర్ణుడి సహజ కవచాన్ని ఇంద్రుడు అడిగి పుచ్చుకున్నది అందుకే కదా! ఈ యంత్రం పుట్టింది బరువు మోయడానికి. 2009లో లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ చూపిన ‘హల్క్’నే తీసుకోండి. దానికి టైటానియం కాళ్లు, వాటిని కదిలించే హైడ్రాలిక్ వ్యవస్థ ఉన్నాయి. సైనికుడు సుమారు 90 కిలోలు ఎత్తుకున్నా ఆ భారం ఆ లోహపు కాళ్ల గుండా నేలకు దిగిపోతుంది.

మా ఊరి రైస్‌మిల్లుల్లో హమాలీని గమనించండి. మెడ వంచి నిలబడతాడు. పక్కవాళ్లు బస్తాను వీపుమీదికి జార్చగానే అడుగు వేయడు, మోకాళ్లు కుదురుకునేదాకా ఆగుతాడు. ఆ తర్వాతే లారీకి ఆనించిన బల్ల ఎక్కుతాడు. ఆ మోకాళ్లకు కావలసినది ఊత. ఈ యంత్రం ఇచ్చేదీ అదే.

కనుక ‘ఊతజోడు’ అందాం. జోడు అంటే చెప్పుల జత మాత్రమే అనుకోకండి, పాత తెలుగులో కవచమనే అర్థమూ ఉంది. ఒంటికి తొడిగేదన్న భావం అందులోనే వస్తుంది. ‘ఊతకర్ర’ తెలిసిన పిల్లలకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

గద్వాల సభ్యుడు: మరి అమెరికా వాళ్ల ‘టాలోస్’ సంగతి? అందులో తూటాలను ఆపే రక్షణ కూడా అనుకున్నారుగా?

మిర్యాలగూడ: నిజమే. 2013లో వాళ్ల ప్రత్యేక దళాలు మొదలుపెట్టిన ఆ పథకంలో రక్షణ, యంత్రబలం రెండింటినీ ఒకే దుస్తుల్లో కలపాలనుకున్నారు. గ్రీకు పురాణంలోని కంచు మనిషి పేరు పెట్టారు. అనుకున్న రూపం కుదరక 2019లో ఆపేశారు. దాన్ని మీరు కవచమని రాస్తే నాకు అభ్యంతరం లేదు. మిగతావాటికి మాత్రం మొదటిసారి ‘ఊతజోడు’ పక్కన ఎక్సోస్కెలిటన్ అని ఇచ్చి, తర్వాత ఊతజోడుతోనే నడిపించండి.