ఈ వారం సమస్య: "బండ యేడ్చెఁ గోడి పలికినంత"

నిర్వాహకుడు:
ఎదురింటి డాబా మీద కోడిని కట్టేశారు. తెల్లవారుజామున మూడున్నరకే మొదలుపెడుతోంది. ఆ కోపంలో పడిన పాదం ఇది. రాసుకున్నాక చూస్తే నేరుగా యేసు శిష్యుడు పేతురు దగ్గరికి వెళ్లింది. యేసు అతనికి కేఫా అని, అంటే రాయి అని పేరు పెట్టాడు కదా. కాబట్టి పూరణ (చివరి పాదం నాది, పై మూడూ మీవి) యేసును పట్టుకున్న ఆ రాత్రి గురించే ఉండాలి. కోడి కూసేలోపు నన్ను ఎరగనని మూడుసార్లు బొంకుతావని యేసు ముందే చెప్పాడు, పేతురు అలాగే బొంకి ఏడ్చాడు. జరగబోయేది దేవుడికి ముందే తెలుసు, చేసింది మాత్రం మనిషి. ఆ ముడి ఎక్కడో ఒకచోట తగలాలి. గ్యాస్ బండ ధర మీద పద్యం పెడితే తీసేస్తాను, ముందే చెబుతున్నా.

పాత తాటాకు:
మూఁడు మాట్ల బొంకు ముందె పలికె నేసు;
కాను కాను నేను కాన నంచుఁ
జలికిఁ గాఁచుకొనుచు జంకి దాసి కనియె;
బండ యేడ్చెఁ గోడి పలికినంత.

యతిభంగం:
మాస్టారూ, రెండో పాదానికి దండం. యోహాను 18లో పేతురు అనేది "కాను" అనే. మీరు దాని పక్కన "కాన", అంటే చూడలేదు అన్నది, ఇరికించారు. ఒకే నోట రెండు అబద్ధాలు. కానీ "పలికె నేసు" ఎలా? ఇక్కడ అందరం యేసు అని యకారంతో రాస్తాం. అప్పుడు ఆ నకారం ఎక్కడిది?

పాత తాటాకు:
మా ఊరి చర్చి గోడ మీద "ఏసు" అనే ఉంటుంది నాయనా. అచ్చు మొదలు కనుక నకారం వచ్చింది. గోడ మార్పించు, పద్యం మారుస్తాను.

సగటు పాఠకుడు:
పద్యం రాయడం నాకు రాదు, అడగడం వచ్చు. మూడుసార్లు బొంకుతావని ముందే చెప్పేశాక పేతురు చేయగలిగిందేముంది? బొంకకపోతే యేసు మాట తప్పవుతుంది. మరి ఏడవడం ఎందుకు?

గోదారిగట్టు:
మీ ప్రశ్నకు జవాబుగానే ఇది.

చూచినంత మాత్రఁ జొప్పు మార దెపుడు;
కొండ నెక్కి కాంచు కోవిదునకు
బాట యెల్లఁ దెలియుఁ. బాద మతని దయ్య!
బండ యేడ్చెఁ గోడి పలికినంత.

ఈ కొండ పోలిక నాది కాదు, 13వ శతాబ్దపు క్రైస్తవ వేదాంతి థామస్ అక్వినాస్‌ది. దారిన పోయేవాడికి వెనక వచ్చేవాళ్లు కనబడరు. ఎత్తు మీద ఉన్నవాడికి దారి మొత్తం ఒకేసారి కనబడుతుంది.

యతిభంగం:
పోలిక అక్వినాస్‌ది. తప్పు మాత్రం అచ్చంగా గోదారిగట్టు గారిది. "పాద మతని దయ్య" అన్నారు, ఏ అతను? వ్యాకరణం ప్రకారం కొండెక్కిన కోవిదుడే. అంటే పేతురు అడుగు దేవుడిదే అని తేలింది. జవాబు చెప్పబోయి ప్రశ్న అడిగినవాడినే గెలిపించారు. "పథికు నడుగు వేఱు" అంటే గణాలూ సరిపోతాయి, దేవుడూ బయటపడతాడు.

గోదారిగట్టు:
చదివేవాళ్లకు బుద్ధి ఉంటుందన్న నమ్మకంతో రాశాను. పాదం మార్చను.

పాత తాటాకు:
పాఠకుడు గారూ, మీ ప్రశ్న చాలా పాతది. 524 ప్రాంతంలో బోయెథియస్ అనే రోమన్ పెద్దమనిషి మరణశిక్షకు ఎదురుచూస్తూ జైల్లో కూర్చుని దీని మీదే తల బద్దలు కొట్టుకున్నాడు. ఆయన చెప్పింది నాకు నచ్చుతుంది. పొద్దున్నే అరుగు మీద కూర్చుంటే సూర్యుడు రావడం, మనిషి నడిచిపోవడం రెండూ ఒకేసారి చూస్తాం. సూర్యుడికి రాక తప్పదు. మనిషి తన ఇష్టంతో నడుస్తున్నాడు. మన చూపు మాత్రం రెండింటికీ ఒకటే. దేవుడికి రేపు అనేది లేదు, అన్నీ ఇప్పుడే. ఆయన ముందుగా చూడడు, చూస్తున్నాడు, అంతే.

సగటు పాఠకుడు:
చూసి ఊరుకుంటే సరే మాస్టారూ. పేతురుకు చెప్పేశాడు కదా? పక్కింటాయన నేను జారిపడతానని చూడటం వేరు, నాతోనే చెప్పడం వేరు. చెప్పాక నాకు టెన్షన్ మొదలవుతుంది.

డాలస్ కోడలు:
చెప్పినా మారొచ్చు కదండీ! నా మొదటి ప్రయత్నం, తిట్టకండి.

నలుబదవ దినమున నాశ మన్నఁ గాని
నిలిచెఁ గాదె నాఁడు నీనెవె పురి;
తిరిగి రాక యితఁడు తెలిసి తప్పె నపుడు;
బండ యేడ్చెఁ గోడి పలికినంత.

పాత తాటాకు:
ఎవరు తిడతారమ్మా! నీనెవెకు ఆ మాట చెప్పిన యోనా ప్రవక్తను పట్టుకొచ్చావు, సంతోషం. మొదటి పాదం చివర అక్కడ చెల్లని జగణం పడింది. "నాశ మనినఁ గాని" అను, సర్దుకుంటుంది.

యతిభంగం:
గణం సర్దుకుంటుంది. వాదం సర్దుకోదు. యోనా చేసింది హెచ్చరిక. మారితే దేవుడూ మనసు మార్చుకుంటాడు, మారారు, మార్చుకున్నాడు. పేతురుకు చెప్పినదాంట్లో "అయితే" లేదు. మీకు కావలసింది సమూయేలు మొదటి గ్రంథం 23లోని కెయీలా ఊరి కథ. నన్ను తరుముతున్న రాజు సౌలు ఇక్కడికి వస్తాడా, ఊరివాళ్లు నన్ను పట్టిస్తారా అని దావీదు అడుగుతాడు. వస్తాడు, పట్టిస్తారు అని దేవుడంటాడు. దావీదు ఊరొదిలి పోతాడు, రెండూ జరగవు. అంటే జరిగేదే కాదు, ఎవరు ఎక్కడ ఉంటే ఏం చేస్తారో కూడా దేవుడికి తెలుసు. మొలీనా అనే స్పెయిన్ జెసూట్ 1588లో ఈ దారిలోనే పెద్ద పుస్తకం వేశాడు.

డాలస్ కోడలు:
థాంక్స్ అండీ. కెయీలాకు గణం ఎలా కుదురుతుందో చూస్తాను.

సీమ మిరప:
కూఁత విన్నవారు కోటి మంది కలరు;
కన్ను చూచెఁ దిరిగి కరుణ నిండఁ;
జూపు తగిలి కాదె సుంత కరఁగిపోయి
బండ యేడ్చెఁ, గోడి పలికినంత?

లూకా 22:61 చూడండి. కోడి కూశాక ప్రభువు వెనక్కి తిరిగి పేతురు వైపు చూశాడు. ఏడిపించింది జోస్యం కాదు, ఆ చూపు.

నిర్వాహకుడు:
సమస్యనే ప్రశ్న చేసి తిప్పికొట్టారు. ఈ వారం నాకు ఒళ్లు జలదరించిన పద్యం ఇదే.

యతిభంగం:
విరుపు, అంటే మాటను విరిచి అర్థం తిప్పడం, బ్రహ్మాండం. "కోటి మంది" యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడం) కోసం వచ్చిన జనాభా, వదిలేద్దాం. "సుంత" ఏమిటండీ? బైబిల్లో "సంతాపపడి యేడ్చెను" అని ఉంటే మీరు కాస్త కరిగాడంటారా? "శోకమున మునింగి" పెట్టండి.

గోదారిగట్టు:
విరుపు గురించి యతిభంగం గారు మాట్లాడుతున్నారు! పోయిన నెల "అమ్మినట్టి వాఁడె యాప్తుఁ డయ్యె" సమస్యకు, యేసును ముప్పై నాణేలకు అమ్మిన శిష్యుడు యూదా మీద నా పద్యం ఎవరికైనా గుర్తుందా? చివరి మూడు పాదాలు ఇవి.

ముప్పదింటి కమ్మి ముద్దుఁ బెట్టి
చేయ వచ్చినట్టి చేఁతఁ జేయు మనఁగ
నమ్మినట్టి వాఁడె యాప్తుఁ డయ్యె.

అమ్మినవాడు సంధిలో నమ్మినవాడయ్యాడు. పట్టివ్వడానికి వచ్చినవాణ్ని యేసు "చెలికాడా" అని పిలిచాడు, అదే ఇందులో ఆప్తుడు. ఈ విరుపును యతిభంగం గారు చెత్తబుట్టలో వేశారు.

యతిభంగం:
విరుపును కాదు, యతిని. "అమ్మి" అని చదివితే యతి ఉంది, చమత్కారం లేదు. "నమ్మి" అని చదివితే చమత్కారం ఉంది, నకారానికి యతి లేదు. రెండూ ఒకేసారి కావాలంటే ఎలా? పైగా యూదాది వ్రాయబడిన దారి అని అప్పుడే చెప్పాను.

గోదారిగట్టు:
మత్తయి 26:24 సగమే చదివారు. "వ్రాయబడిన ప్రకారము" తర్వాత అదే వాక్యంలో "అయ్యో" కూడా ఉంది. దారి లేనివాడి మీద అయ్యో దేనికి?

నిర్వాహకుడు:
1524లో ఎరాస్మస్ అనే పండితుడు మనిషికి స్వేచ్ఛ ఉందని రాస్తే 1525లో చర్చి సంస్కర్త లూథర్ లేదని తిరిగి రాశాడు. వాళ్లకు అచ్చుయంత్రం ఖర్చయినా ఉండేది. మీకు అదీ లేదు. యతిభంగం గారూ, అందరివీ దిద్దారు. మీ పూరణ ఏది?

యతిభంగం:
సువార్తలు రాసినవాళ్లలో మార్కు ఒక్కడే కోడి రెండుసార్లు కూస్తుందని చెప్పాడు. 14:72లో "రెండవమారు" అని ఉంది. అంటే ఒకసారి కూసినా పేతురు ఆగలేదు. ఆ మొదటి కూత నన్ను వారం రోజులుగా వదలడం లేదు.

మొదటి కూఁత వినియు మొద్దువలెనె యుండెఁ
జెవులు లేక కాదు; చేవ లేక;
రెండవపరి పిలువ రేయి గడచి పోవ
బండ యేడ్చెఁ గోడి పలికినంత.

సగటు పాఠకుడు:
నా ప్రశ్నకు ఇది కొంత దగ్గరగా వచ్చింది. మధ్యలో ఒకసారి ఆగే అవకాశం ఉందన్నమాట.

గోదారిగట్టు:
ఎక్కడుందండీ అవకాశం? "చేవ లేక" అన్నారు. చేవ లేనివాడు ఆగగలడా? యూదా దగ్గర ఎక్కడున్నారో పేతురు దగ్గరా అక్కడే ఉన్నారు. "వలెనె"లో చివరి "నె" పాదపూరణం, అది వేరే సంగతి.

యతిభంగం:
ఏడ్చాడు కదండీ. ఆగే వీలే లేకపోయిందనుకున్నవాడు ఎవరినైనా తిట్టుకుంటాడు, బయటికి పోయి తనలో తాను ఏడవడు. "నె" మాత్రం ఒప్పుకుంటున్నా. "మొద్దు పగిది నుండె" అని మార్చాను.

గోదారిగట్టు:
ఇప్పుడు బాగుంది. నా పాదం మాత్రం నాదే.